నెమ్మది గదిలో పెద్దక్క

పదింటికి పిల్లల సంక్షేమ శాఖ అధికారిణి వస్తుందని తెలిసి పెద్దక్క ఎనిమిదిన్నరకే ఇల్లంతా ఒక చుట్టు చుట్టింది. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. చిన్న వయసులోనే పెద్ద దెబ్బలు తిన్న ఎనిమిది మంది పిల్లలు ఒకచోట ఉండి, మెల్లగా మనసు కుదుటపరచుకునే ఇల్లు. వాళ్లను కనిపెట్టుకుని ఉండే సిబ్బందికి పెద్దక్క నాయకురాలు. మూడేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని అక్కడ అందరూ గొప్పగా చెప్పుకుంటారు. అందరికంటే ఎక్కువగా ఆవిడే చెప్పుకుంటుంది.

అధికారిణి వచ్చేది సుడిగాలి సంగతి తేల్చడానికి. సుడిగాలి పదేళ్ల పిల్ల. రెండేళ్ల కిందట వచ్చిన కొత్తలో రోజుకో కుర్చీ కాలు విరిచేది, వారానికో తలుపు పిడి ఊడబెరికేది. ఆ పేరు వంటాయన పెట్టాడు, పిల్ల ముచ్చటపడి ఉంచుకుంది. ఇప్పుడు ఆ పిల్లను తన ఇంటికి తీసుకువెళ్తానని వాళ్ల పిన్ని ముందుకొచ్చింది. కాగితాలన్నీ అయ్యాయి. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం అధికారిణి కలం ఆగిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లే కోపంతో అరిస్తే ఈ పిల్ల ఏం చేస్తుంది? పిన్ని కూడా దాచుకోలేదు, "నా నోరు కాస్త పెద్దదేనండీ" అని ముందే ఒప్పేసుకుంది. ఈ పూట సంతకం పడకపోతే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ ఊసే ఉండదు.

ఆ ప్రశ్నకు పెద్దక్క రాత్రే పుస్తకంలో ఏడు జవాబులు రాసి పెట్టుకుంది. వాటిని మనసులో వల్లె వేసుకుంటూ, చివరగా నెమ్మది గదిని చూసుకుందామని లోపలికి వెళ్లింది. కోపం ముంచుకొచ్చిన పిల్లలు తమంతట తాము వెళ్లి కూర్చునే గది అది. గోడలకు మెత్తలు, నేలమీద పెద్ద పెద్ద దిండ్లు, తలుపుకు చిన్న అద్దం. గడియ అంటూ లేదు, ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చు. తలుపు పిడి వదులుగా ఉందని కొత్తగా పనిలో చేరిన అమ్మాయి, పిల్లలందరికీ కొత్తక్క, నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. ఎంత వదులో చూద్దామని పెద్దక్క తలుపు మూసి పిడిని ఒక్క లాగు లాగింది. పిడి వచ్చింది. తలుపు రాలేదు.

ముందు మర్యాదగా తట్టింది. తరవాత మర్యాద తగ్గించి కొట్టింది. వసారాలో షూ లేసులు కట్టుకుంటున్న సుడిగాలి వచ్చి అద్దంలోంచి తొంగి చూసి, గుమ్మం ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అక్కా, నేనిక్కడే ఉన్నా. ఎక్కడికీ వెళ్లను."

"మంచిది తల్లీ. తలుపు తియ్యి."

"బలవంతంగా తియ్యకూడదక్కా. నీకు రావాలనిపించినప్పుడు నువ్వే వస్తావు. తొందరేం లేదు."

"నాకు తొందరే! పిడి ఊడిపోయింది!"

"విరగ్గొట్టావా? పర్లేదు. వస్తువు కంటే మనిషి ముఖ్యం."

"నేను విరగ్గొట్టలేదే! దానంతటదే ఊడింది!"

"నేనూ అలాగే చెప్పేదాన్నిలే," అంది సుడిగాలి ఎంతో జాలిగా.

సాక్ష్యం చూపిద్దామని పెద్దక్క ఇనప పిడిని అద్దం ముందు పెట్టి ఆడించింది. జుట్టు రేగిపోయి, ముఖం ఎర్రబడి ఉందన్న సంగతి ఆవిడకు తెలియదు. సుడిగాలి వెనక్కి తిరిగి, అప్పటికే పోగైన మిగతా పిల్లలతో, "చేతిలో వస్తువుంది. రెండడుగులు వెనక్కి," అంది. ఏడుగురూ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. ఆ రెండడుగులు వాళ్లకు నేర్పడానికి పెద్దక్కకు పూర్తిగా ఏడాది పట్టింది.

అలికిడికి వంటాయన, కొత్తక్క పరుగెత్తుకొచ్చారు.

"తలుపు తీసి చూద్దామా?" అంది కొత్తక్క గుసగుసగా.

"భలేదానివే! కోపంలో ఉన్నవాళ్లతో ఒక్క గొంతే మాట్లాడాలని, మొదలుపెట్టినవాళ్లే పూర్తి చెయ్యాలని నీకు చెప్పలేదూ? మధ్యలో మనం దూరితే పెద్దక్క ఊరుకుంటుందా?" అన్నాడు వంటాయన. ఆ పైన భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "పాపం, ఎన్నాళ్ల నుంచి మనసులో దాచుకుందో!"

"దాచుకోవడమేంటయ్యా! నేను బాగానే ఉన్నాను!"

"బాగానే ఉన్నానని గట్టిగా అంటే బాగాలేనట్టేనని మీరే చెప్పారు కదండీ," అంది కొత్తక్క, శిక్షణలో రాసుకున్న పుస్తకం తెరిచి వెతుకుతూ.

అప్పుడు అరిచింది పెద్దక్క. మూడేళ్ల అరుపులు వడ్డీతో సహా ఒకేసారి అరిచింది. "పదవుతోంది! మీలో ఒక్కరికైనా బుర్ర ఉందా? తీయండి తలుపు!"

సుడిగాలి ముఖం పాలిపోయింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి. పాత అలవాటు కొద్దీ వంటాయన పక్కనున్న కుర్చీని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. పిల్ల గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. పిడికిళ్లు విప్పి మోకాళ్ల మీద పెట్టుకుంది.

"కోపం రానీ అక్కా. కోపం రావడం తప్పు కాదు. కావాలంటే దిండుని కొట్టు. నువ్వు అరిస్తే నాకు భయం వేసింది. అయినా ఇక్కడే ఉంటా."

తలుపు మీద పెద్దక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంతసేపూ ఆ పిల్ల అన్నవన్నీ తను నేర్పిన మాటలే. కానీ భయం వేసినా ఉంటానన్నది మాత్రం ఎవరూ నేర్పింది కాదు, అది పిల్ల సొంతం. ఆవిడ దిండు మీద చతికిలబడింది. గర్వంతో పొంగిపోయింది. పుస్తకంలో రాసుకున్న ఏడు జవాబులూ ఈ ఒక్క మాట ముందు దండగ అనిపించాయి. పనిలో పనిగా పక్కనున్న దిండును ఒక్కటి కొట్టి చూసింది. హాయిగా ఉండటంతో ఇంకో రెండు కొట్టింది.

"తలుపు ఎందుకు తియ్యట్లేదండీ?" అన్న గొంతు వినిపించి వసారాలో అందరూ తిరిగి చూశారు. అధికారిణి, పక్కనే పిన్ని. పెద్దక్క కేక గేటు దాకా వినబడటంతో గబగబా వచ్చి, అప్పటి నుంచీ వాళ్లిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పేలోపే అధికారిణి ముందుకు నడిచి బయటి పిడి పట్టుకుని తిప్పింది. అది ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

"ఇది... దానంతటదే..." అని నీళ్లు నమిలింది అధికారిణి.

"పర్లేదండీ!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

సుడిగాలి ఆ పిడి వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూసింది. "అయ్యో అక్కా! అయితే నిజంగానే ఊడిందా? ఇప్పుడు తియ్యమంటావా?"

"తియ్యి తల్లీ," అంది పెద్దక్క లోపలి నుంచి, చాలా నెమ్మదిగా.

పిల్ల వంటగదిలోకి తుర్రుమని వెళ్లి చెంచా తెచ్చింది. దాని కాడను పిడి ఉండాల్సిన కంతలో దూర్చి అర చుట్టు తిప్పింది. తలుపు తెరుచుకుంది. "ఈ తలుపు గుట్టు నాకు తెలుసులెండి," అంది వినయంగా.

పిన్ని ఆ పిల్ల పక్కనే నేలమీద కూలబడింది. "నేను అరిచినా ఇలాగే కూర్చుంటావుటే?"

"కూర్చుంటా పిన్నీ. కానీ రోజూ అరిస్తే పెద్దక్కకి ఫోన్ చేస్తా."

"చెయ్యవే తల్లీ! నంబరు గోడమీద నేనే రాసి పెడతా," అంటూ పిన్ని ఏడుపూ నవ్వూ కలిపి పిల్లను దగ్గరికి తీసుకుంది.

పెద్దక్క జుట్టు సవరించుకుని తన వాళ్లను కలయజూసింది. అరగంట సేపు ఒక్కరంటే ఒక్కరు ఒక్క నియమం కూడా తప్పని ఆ సిబ్బందిని తిట్టాలో ముద్దు చేయాలో ఆవిడకు తెలియలేదు. ఇలాంటి వాళ్లను తయారుచేసింది తనేనని తలచుకోగానే తిట్టే ఆలోచన విరమించుకుంది. జవాబుల పుస్తకం తెరవబోతే అధికారిణి చెయ్యి అడ్డం పెట్టి, "చూశాను కదండీ, చాలు," అని కలం తీసింది.

ఆవిడ రాసి, సంతకం పెట్టి ఇచ్చిన కాగితాన్ని కొత్తక్క అందరికీ వినబడేలా చదివింది: "పిల్ల పిన్నిగారింటికి వెళ్లడానికి అన్ని విధాలా సిద్ధంగా ఉంది. పెద్దక్కను మాత్రం ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉంచి గమనించడం మంచిది."