ఎర్ర పాచి ఊరిబిండి

రత్నమ్మ పోయిన రోజు జమ్మలమడుగు చర్చి కోత పండుగకు వంటచేయి పోయింది. ఆమె భర్త యోబు సారుకు మాట పోయింది. పది మాటలు కావలసిన చోట ఒక్కటి చెప్పి ఊరుకునేవాడు. ఈ ఏడు విందును సంఘపెద్ద శాంసన్ ప్రొద్దుటూరు బిర్యానీ మాస్టరు నబీ రసూల్‌కు అప్పజెప్పాడు. రత్నమ్మ ఏటా వండిన విందులో కనీసం ఊరిబిండి పచ్చడైనా తమ ఇంటిది ఉండాలని యోబు పట్టుబట్టాడు. రోట్లో నూరడం ఎప్పుడూ ఆయన పనే.

"సరేలే సారూ, నంజుకోను పనికొస్తాది," అన్నాడు శాంసన్.

పండుగనాడు పొద్దున్నే యోబు, రామేశ్వరం దగ్గర పనిచేసే శిష్యుడు వివేక్ పోయిన నెల ఎండబెట్టి పంపిన ఎర్రటి సముద్రపు పాచిని నానబెట్టాడు. చెనిక్కాయలతో కలిపి నూరితే నాలుకకు రుచి, ఒంటికి ఇనుము. పక్కింటి గ్రేస్ గోడమీంచి తొంగిచూసింది.

"ఏంది సారూ అది?"

"పాచి."

"పాచిదా! విందుకా?"

"ఊఁ."

"ఎప్పటిది?"

"పోయిన నెలది."

"సముద్రపు" అన్న ఒక్క మాట ఆయన పొదుపు చేశాడు. గ్రేస్ కొంగు దోపుకుని చర్చికి పరుగెత్తింది.

"శాంసన్ మామా, విందుకు పోయిన నెల పాచి కూడంట!"

విందంటే నబీ రసూల్‌దే కదా! శాంసన్ ఫోన్ అందుకున్నాడు. "ఏమప్పా, పాచి కూడు తెస్తాండావా? మావి నోళ్ళనుకున్నావా, కుడితి తొట్లనుకున్నావా?"

బిర్యానీ దేగిసాలతో సగం దారిలో ఉన్న నబీ రసూల్‌కు ఒళ్ళు మండింది. "తెల్లారి దమ్ము పెట్టింది పాచిదా మామా? నీ విందుకో దండం!" ఆటో ప్రొద్దుటూరుకు మళ్ళింది. ఫోనూ మూగబోయింది.

యోబు పెద్ద గిన్నెతో చర్చికి వచ్చేసరికి జనమంతా ఆకుల ముందు కూర్చున్నారు. ఆకుల్లో మాత్రం ఏమీ లేదు. సంగతి విని ఆయన చాన్నాళ్ళకు ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. "పాచిపోయిన కూడు కాదు శాంసనూ, సముద్రంలో పెరిగే కూర, ముందు నోట్లో పెట్టుకో."

శాంసన్ గ్రేస్ వైపు చూశాడు. గ్రేస్ చూరు వైపు చూసి, పొయ్యి రాజేసి అన్నం వార్చింది. వేడన్నం, నెయ్యి, ఊరిబిండి. పిల్లలు మోచేతుల దాకా నాకారు. ముసలివాళ్ళు ఆకు మడవడం మరిచిపోయారు.

"ఇంగొంచెం పాచి ఎయ్యి సారూ," అని చివరికి శాంసనే ఆకు ముందుకు జరిపాడు. బిర్యానీ ఊసెత్తినవాడు లేడు. నబీ రసూల్‌కు క్షమాపణ చెప్పే పనిని శాంసన్ గ్రేస్‌కు, గ్రేస్ శాంసన్‌కు అప్పజెప్పారు.

గిన్నె ఖాళీ అయ్యాక శాంసన్ లేచి నిలబడ్డాడు. "రత్నమ్మక్క పొయ్యి యాడికీ పోదు. వచ్చే ఏడు విందంతా సారుదే!"

చప్పట్లు మోగాయి. యోబు తల వంచుకుని చివరి చప్పుడు దాకా విన్నాడు.

అన్నం వండటం మాత్రం ఆయనకు ఇంకా రాదు.