మునిరామయ్య మానుకున్న ఉద్యోగం

అరవై దాటిన మునిరామయ్య ఆ పొద్దున రేడియోలో వార్తలు వింటూ, ఇడ్లీ తింటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జీలో, కౌంటరు వెనక నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. ఇక ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండాలి. ముందు యజమానికి చెప్పి, సాయంత్రం భార్య సుబ్బులమ్మకు చెబుదామనుకున్నాడు.

"రేపట్నించీ నేను రాను సామీ," అన్నాడు లాడ్జీకి వెళ్లగానే.

యజమాని బాలసుబ్రమణ్యం చదువుతున్న పేపరు దించాడు. "ఎవురేమన్నారన్నా?"

"ఎవురూ ఏమీ అన్లేదు. ఇంక సాలనిపించింది."

అంత నెమ్మదిగా చెప్పాడంటే ఎవరో గట్టిగానే అని ఉంటారని యజమానికి అనిపించింది. నేరుగా వెళ్లి వంటవాడు పెంచలయ్యను నిలదీశాడు. ఏ పాపమూ ఎరగని పెంచలయ్య చాలాసేపు ఆలోచించి, వచ్చి మునిరామయ్య కాళ్లు పట్టుకున్నాడు.

"సాంబారులో ఉప్పెక్కువైతే పని మానేస్తారా అన్నా?"

"ఏ సాంబారప్పా?" మునిరామయ్యకు ఏమీ బోధపడలేదు.

సాంబారు కాదంటే ఎదురు లాడ్జీవాళ్లు పిలిచి ఉంటారని పెంచలయ్య తేల్చేశాడు. ఆ మాట టీకొట్టుకు చేరింది. అక్కడే టీ తాగుతున్న ఎదురు లాడ్జీ యజమాని పరంధామయ్య చెవిన పడింది. తానెప్పుడు పిలిచాడో ఆయనకు గుర్తు రాలేదు. అయినా వస్తానంటున్న మనిషిని కాదనడం ఎందుకని లేచి వచ్చేశాడు.

"మా కాడ కుర్చీ కూడా ఉండాది. పోదాం రాన్నా."

"ఈడ మాత్రం లేదా?" అంటూ బాలసుబ్రమణ్యం తన కుర్చీనే కౌంటరు వెనక్కి లాక్కొచ్చాడు.

ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. మునిరామయ్య అయోమయంగా ఇటూ అటూ చూశాడు. తను లేకపోతే ఎవరికైనా ఇబ్బందని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు.

అంతలో సంగతి తెలిసి సుబ్బులమ్మ రొప్పుతూ వచ్చింది. తనకు ముందే చెప్పనందుకు కోప్పడుతుందేమోనని ఆయన తల దించుకున్నాడు. ఆమె ఆయనవైపు చూడనే లేదు.

"నాయనా, ఈయప్పను మాన్పించొద్దండి. మొన్న జొరమని రెండు దినాలు ఇంట్లో ఉండి, వంటింట్లో డబ్బాలన్నీ మార్చి పెట్టినాడు. కందిపప్పు యాడుండాదో ఇంకా దొరకలేదు."

"మాన్పించేది లేదమ్మా. ఎవురి దగ్గర ఉండాలనేదే రచ్చ," అన్నాడు పరంధామయ్య.

"దానికి రచ్చెందుకు? పొద్దన ఈడ, సాయంత్రం ఆడ."

ఒప్పందం కుదిరిపోయింది. మునిరామయ్యను అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని, ఒక యాత్రికుడికి తాళంచెవి ఇచ్చి, అలిపిరి బస్సు ఎక్కడ ఆగుతుందో హుషారుగా చెబుతున్నాడు.

విశ్రాంతి తీసుకోవాలని ఆయనకు ఇప్పటికీ ఉంది, సెలవే దొరకడం లేదు.