మంచులో ట్రయల్ క్లాస్

పిల్లలకి తీరిక దొరకనివ్వని తల్లిదండ్రులకి దండం పెట్టాలి! అమెరికాలో తెలుగు ఇళ్లు ఇంకా ప్రశాంతంగా ఉన్నాయంటే అది వాళ్ల చలవే.

కాదంటారా? తీరిక దొరికిన పిల్ల ఏం చేస్తుంది? కిటికీలోంచి చూస్తుంది. చూసి ఊరుకుంటుందా? ఆలోచిస్తుంది. ఆలోచించి, వచ్చి ప్రశ్న వేస్తుంది. దానికి జవాబు చెప్పే ఓపిక ఏ తండ్రికుంది? అంతకంటే చెస్ క్లాసులో చేర్పించడం తేలిక.

ఎడ్లకైనా ఎండ ముదిరితే కాడి విప్పి నీడన కడతారు, గడ్డి వేస్తారు. అందుకే అవి ఎడ్లుగానే మిగిలిపోయాయి! ఇంతవరకు ఒక్క ఎద్దయినా స్పెల్లింగ్ పోటీలో గెలిచిందా?

షామ్‌బర్గ్ అనే అమెరికా ఊళ్లో ఉండే చక్రపాణికి ఈ సంగతి ఆలస్యంగా బోధపడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెమ్మదస్తుడు. కూతురు కావ్యశ్రీకి ఏడేళ్లు. చెస్సు, పియానో, కూచిపూడి, అబాకస్, స్విమ్మింగ్... ఇవన్నీ ఆ పిల్ల హాబీలు. హాబీ అంటే సరదాకి చేసేదని స్కూల్లో ఎవరో చెబితే, ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకుందట.

భార్య శ్రీవిద్య ఈ క్లాసులన్నీ ఫోన్ క్యాలెండర్‌లో రంగులు వేసి పెట్టుకుంది. క్లాసు లేని గడి తెల్లగా ఉంటుంది. తెల్లగా ఏది కనిపించినా ఆవిడకి మనసు మనసులో ఉండదు.

అలాంటిది, ఒక బుధవారం పొద్దున్నే లేచి చూస్తే ఊరు ఊరంతా తెల్లగా ఉంది!

ఈ మంచు కోసం కావ్య నవంబరు నుంచి కాచుకుని కూర్చుంది. మంచుతో చేసే స్నోమాన్ బొమ్మకి ముక్కు కోసమని ఒక క్యారెట్ ఏరి ఫ్రిజ్‌లో గుడ్ల వెనకాల దాచింది. అంతకు ముందు దాచింది పొరపాటున సాంబారులో పడింది. ఆ పూట ఆ ఇంట్లో సాంబారు ఎవరి గొంతూ దిగలేదు. ఇది రెండో క్యారెట్. మొన్నామధ్య రాలిన మంచు పిండి చల్లినట్టు రాలి పోయింది, బొమ్మకి చాలలేదు. ఇప్పుడు మోకాలి లోతు పడింది. పైగా మర్నాడు వాన అని ఫోన్ చెబుతోంది. ఇవాళ దాటితే మంచూ లేదు, బొమ్మా లేదు.

అయితే మాత్రం? ఒకప్పుడు మంచు పడితే బడికి సెలవిచ్చేవారట. పిల్లలు వీధిలో పడి, చెక్కల మీద జారుకుంటూ, ముక్కులు కారుతున్నా పట్టించుకోకుండా చీకటిదాకా తిరిగేవారట. ఎంత అనాగరికం! ఇప్పుడా బెడద లేదు. బడి బుద్ధిగా లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. దాని వెంట హాబీలూ వచ్చేశాయి.

స్విమ్మింగ్ కూడానా అంటారేమో. స్విమ్మింగ్ కూడా!

స్కూలు లాప్‌టాప్ మూయగానే శ్రీవిద్య పిల్లకి ఈత కళ్లద్దాలూ టోపీ తగిలించి హాల్లో కార్పెట్ మీద బోర్లా పడుకోబెట్టింది. తెరలో కోచ్ చేతులు ఊపుతున్నాడు.

"కాళ్లు ఇంకా ఫాస్ట్‌గా కొట్టమ్మా! కోచ్ చూస్తున్నాడు."

"మమ్మీ, ఐ యామ్ నాట్ మూవింగ్."

"కదలకపోయినా ఫర్లేదు, టెక్నిక్ ముఖ్యం."

ఏడేళ్ల పిల్లకి బతుకు మీద ఇంత లోతైన మాట ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఇక ఆ వీధిలో మిగిలిన అనాగరికురాలు పియానో టీచరు ఒక్కతే. పెద్దావిడ. చెయ్యి పట్టుకుని చెప్పకపోతే అది పాఠమే కాదంటుంది, ఆన్‌లైన్ ససేమిరా అంటుంది. కాబట్టి సాయంత్రం కారు బయటికి రావాలి. అది రావాలంటే ఇంటిముందు డ్రైవ్‌వే మీది మంచు ఎత్తిపోయాలి. ఆఫీసు కాల్ అవగానే చక్రపాణి పార పట్టుకుని దిగాడు.

అతను పార పట్టిన తీరు చూస్తే రైతన్నవాడు మొహం పక్కకి తిప్పుకుంటాడు. అయినా ఓ పది పారలు ఎత్తిపోశాక ఒళ్లు వెచ్చబడింది. ఎత్తిన చోట నేల కనిపిస్తోంది. చేసిన పని కళ్లకి కనిపించడం అతనికి ఉద్యోగంలో ఎప్పుడూ అలవాటు లేదు. తనకి తెలియకుండానే ఈల వేశాడు.

తలుపు సందులోంచి ఒక తల బయటికి వచ్చింది. నుదుటి మీద ఈత కళ్లద్దాలు.

"డాడీ, అది ఏం క్లాస్?"

"క్లాస్ కాదమ్మా. మంచు తీస్తున్నా."

"టీచర్ ఎవరు?"

"ఎవరూ లేరు."

"టీచర్ లేదా?" పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "మరి రాంగ్ చేస్తే?"

"చేస్తే ఏముంది, మళ్లీ తీయడమే."

పిల్ల గుమ్మం బయటికి ఒక కాలు పెట్టింది. "నన్ను కూడా జాయిన్ చెయ్ డాడీ. మమ్మీ కాల్‌లో ఉంది. నాకు స్విమ్మింగ్ బ్రేక్."

చక్రపాణి వంటింటి కిటికీ వైపు చూశాడు. శ్రీవిద్య హెడ్‌సెట్ పెట్టుకుని అటు తిరిగి మాట్లాడుతోంది. అతను పిల్లకి కోటు తొడిగి, గరాజ్‌లోంచి బీచ్ ఆటల ప్లాస్టిక్ పార తెచ్చి చేతిలో పెట్టాడు. పిల్ల లోపలికి పరిగెత్తి మళ్లీ వచ్చింది. కోటు జేబులోంచి క్యారెట్ తోక కనిపిస్తోంది.

పెద్ద ఉండ కింద పెట్టి చిన్న ఉండ పైకి ఎత్తుతుండగా ఫోన్ మోగింది. ఎదురింటి చాముండేశ్వరి. వాళ్ల వినీత్ అప్పటికి నాలుగు క్లాసుల్లో కావ్యకంటే ఒక లెవెల్ ముందున్నాడు.

"అన్నయ్యగారూ, కావ్య బయట ఉందేంటి? స్విమ్మింగ్ లేదా?"

చక్రపాణి నాలుక చివరిదాకా 'ఆడుకుంటోందండీ' అన్న మాట వచ్చింది. ఆ వీధిలో అంత ప్రమాదమైన మాట ఇంకొకటి లేదు. అది అటు చేరిన మరునిమిషం శ్రీవిద్యకి ఫోన్ వస్తుంది: 'వదినా, కావ్య ఊరికే ఉన్నట్టుందే!' ఆపై పిల్ల మళ్లీ కార్పెట్ మీద. క్యారెట్ మళ్లీ గుడ్ల వెనకాల. రేపు వాన.

అతను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధం తడుముకోకుండా ఆడాడు.

"క్లాసేనండీ. అవుట్‌డోర్ బ్యాచ్."

"ఏం క్లాసు?"

"స్ట్రక్చర్లూ, బ్యాలెన్సూ... ఇంజినీరింగ్ ఫౌండేషన్ అనుకోండి."

"కోచ్ ఎవరు?"

"ప్రస్తుతానికి నేనే."

"మాకు చెప్పనేలేదే! వినీత్‌కి సీటుందా?"

"ఇవాళ ట్రయల్ క్లాసండీ. ఇవాళ ఒక్కరోజే."

వినీత్ వాటర్ బాటిల్, నోట్సు పుస్తకంతో సహా వచ్చాడు. "అంకుల్, ఇవాళ టాపిక్ ఏంటి?" అన్నాడు. కావ్య ఒక మంచు ముద్ద చేసి వాడి టోపీ మీద వేసింది. టాపిక్ వాడికి వెంటనే అర్థమైంది.

తర్వాత కబురు వీధంతా పాకి ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. అబాకస్ పిల్లలు, వయొలిన్ పిల్లలు, తల్లి ఎంత వెతికినా ఏ ప్రతిభా బయటపడని పిల్లలు, అందరూ దిగిపోయారు. వీధి వీధంతా కేకలు!

ఆ కేకలకి శ్రీవిద్య ఫోన్‌లో చాముండేశ్వరి మెసేజ్ చదువుకుంటూ బయటికొచ్చింది. చక్రపాణి పార పట్టుకుని తీర్పు కోసం నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది? చాముండేశ్వరికి ముందు చెప్పి నాకు చెప్పరా?" అందావిడ. "మనది ఏ లెవెల్?"

"అడ్వాన్స్‌డ్."

శ్రీవిద్య కూతురి వైపు చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒక చేతి తొడుగు ఎక్కడో పారేసుకుంది. బొమ్మకి ముక్కు పెడుతోంది. ఆవిడ ఫోన్ తీసి బుధవారం గడికి కొత్త రంగు వేసింది.

"స్విమ్మింగ్‌కి బదులు ఇంకో రోజు మేకప్ క్లాస్ తీసుకుందాంలే. ఇది వదలకూడదు."

ఇంకా అనుమానమా మీకు? హాబీ క్లాసులే లేకపోతే ఆ వీధి పిల్లలకి మంచు తడి చేతికి తగిలేదా? ఎవరు తగలనిచ్చేవారు?

మర్నాడు చెప్పినట్టే వాన పడింది. బొమ్మ కూర్చున్నచోటే కుంగిపోయింది. క్యారెట్ గడ్డిలో పడి ఉంది. వీధి వాట్సాప్ గ్రూపు మాత్రం మంచి ఉత్సాహంగా ఉంది. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు? లెవెల్ టూ ఉందా? నిన్నటి క్లాస్ రికార్డింగ్ పెడతారా? వాన పడితే ఆన్‌లైన్ చేస్తారా?

చక్రపాణి అది చదువుతూ నవ్వుకుంటుంటే, కావ్య పక్కకి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసి బోర్లా పెట్టింది. అటూ ఇటూ చూసింది. చెవి దగ్గరికి వచ్చింది.

"డాడీ, ఆ మంచు క్లాస్‌లో నేర్చుకునేది ఏమీ లేదని ఎవరికీ చెప్పకు. తెలిస్తే మానిపించేస్తారు."