నూటికి నూరు పసుపు

ఆ పొద్దున భూమిక అనుకున్నది చిన్న పనే. పదకొండింటి లోపు భీమవ్వ పసుపు పొడి లేబుల్ పూర్తి చేసి నిజామాబాద్ ప్రెస్సుకు పంపాలి. మూడింటి బస్సులో లేబుళ్లు రాగానే ప్యాకెట్లకు అంటించాలి. ఆర్మూర్ పక్క పెర్కిట్‌లో ఆమెది ఒక్క కంప్యూటరున్న డిజైన్ దుకాణం. ఇన్నాళ్లూ పుట్టినరోజు ఫ్లెక్సీలే చేసింది. లేబుల్ ఇదే మొదటిది. ముప్పై ఏళ్లు ఆర్మూర్ మార్కెట్లో పసుపు కొమ్ములు అమ్మిన భీమవ్వకు సొంత పేరుతో పొడి అమ్మడమూ ఇదే మొదలు. మర్నాడే నిజామాబాద్ ఎగ్జిబిషన్‌లో స్టాలు.

పసుపుపచ్చ నేల మీద గోధుమరంగు అక్షరాలు, పక్కన ఆకులు, వెనక గోదావరి. మూడుసార్లు చూసుకుని భూమిక ఫైలు మెయిల్ చేసేసింది. తర్వాత జరిగింది ఆమెకు మూడింటి దాకా తెలియలేదు.

ప్రెస్సు నడిపే గంగాకిషన్‌కు గోధుమరంగు పాళ్లు అంతుపట్టలేదు. లేబుల్ మీద ఒకటే నంబరుంది, భీమవ్వది. ఫోన్ చేశాడు.

"అమ్మా, పసుపుల ఎర్ర ఎంత కల్పాలె?"

కల్తీ పట్టుకునే ఆఫీసరే అనుకుంది భీమవ్వ. "ఎర్రదేంది సారు? నేనేం కల్ప. నూటికి నూరు పసుపే."

"నీలం గూడ వద్దా? నలుపు?"

"నల్లది కల్పితే నా చెయ్యి ఇరుగుతది."

పని ఇచ్చిన పార్టీయే అంత గట్టిగా చెప్పాక గంగాకిషన్ ఎందుకు కాదంటాడు? అచ్చుకు వాడే నాలుగు సిరాల్లో పసుపొక్కటే ఉంచి మిగతా మూడు రంగులూ ఆపేశాడు.

అది పెట్టేయగానే భీమవ్వ భూమికకు ఫోన్ చేసింది. "బిడ్డా, ఎవరో ఆఫీసరు. నేను పసుపుల ఏమేం కల్పుతున్ననో అడుగుతుండు."

భూమిక అది నిజమే అనుకుంది. వెంటనే ప్రెస్సుకు చేసింది. "అన్నా, ఏం కల్పలేదని లేబుల్ మీద సాఫ్‌గ కనబడాలె."

"ఏం కల్పలే మేడమ్. చూస్తెనే తెలుస్తది," అన్నాడు గంగాకిషన్. ఎంత తొందరగా అర్థం చేసుకున్నాడో అని భూమిక మురిసిపోయింది.

మూడింటికి కట్ట విప్పారు. వెయ్యి లేబుళ్లు. ఆకు లేదు, నది లేదు, అక్షరం లేదు. అంతా ఒకటే పసుపు.

"నా పేరేది బిడ్డా?" అంది భీమవ్వ మెల్లగా.

భూమిక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ స్పీకరులో పెట్టి గంగాకిషన్‌ను అడిగింది. అతను "గా అమ్మనే కల్పద్దన్నది" అనగానే భీమవ్వ ఆమె మోచేయి పట్టుకుంది.

"గీ గొంతే. గీయనే ఆఫీసరు."

"అయ్యో, నేనడిగింది సిరా రంగులమ్మా!" అన్నాడు గంగాకిషన్. "ఫికర్ జెయ్యకుండ్రి. గవే పట్టుకరాండ్రి. వాటి మీద నలుపొక్కటి మల్ల కొడ్త."

వాళ్లు ప్రెస్సుకు చేరేసరికి అతను పెళ్లి కార్డుల పని పక్కన పెట్టి, మిషను కడిగి సిద్ధంగా ఉన్నాడు. మీట నొక్కబోతూ భీమవ్వ వైపు తిరిగాడు.

"ఇప్పుడు నల్లది కల్పనా అమ్మా?"

"కల్పు కొడుకా," అంది భీమవ్వ, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూస్తూ.

మర్నాడు ఎగ్జిబిషన్‌లో రంగురంగుల ప్యాకెట్ల నడుమ పసుపు మీద నల్లగా 'భీమవ్వ పసుపు' గేటు దగ్గరి నుంచే కనబడింది. దాని కింద 'ఏం కల్పలే' అని గంగాకిషన్ చేర్చిన ఇంకో ముక్క. జనం అది చదివి నవ్వుతూ వచ్చి, వాసన చూసి కొనుక్కుపోయారు. మధ్యాహ్నానికి బల్ల ఖాళీ అయింది. గోదావరి ఏదని ఒక్కరూ అడగలేదు.

తిరుగు దారిలో భీమవ్వ ప్రెస్సు దగ్గర ఆటో ఆపించింది. గంగాకిషన్ వద్దంటున్నా, అతని కోసం దాచిన రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టి, "నా పేరును నిలబెట్టినవు, సల్లగుండు" అంది. తర్వాత భూమిక తల నిమిరింది. తప్పు తనదో, అతనిదో, అవ్వదో భూమికకు తేలలేదు. తేల్చాలనీ అనిపించలేదు. ఇద్దరికీ దండం పెట్టాలనిపించింది.

వారం తిరక్కుండానే ఆమె తన దుకాణానికి 'లేబుళ్లు కూడా చేయబడును' అని కొత్త బోర్డు చేయించుకుంది. రంగులు మాత్రం గంగాకిషన్‌నే చూసుకోమంది.