ముందుకే నడిచే జీపు

ఆ పొద్దున పెద్దాయన వేసుకున్న పథకం చిన్నదే. టీ తాగడం, జీపెక్కడం, పరీక్ష మైదానంలో ఎనిమిది అంకెలా ఒక చుట్టు తిరగడం, కొత్త లైసెన్సు జేబులో వేసుకుని భోజనం వేళకి ఇంటికి రావడం. పాత లైసెన్సు గడువు తీరిపోయింది. ఇవాళ పరీక్ష తప్పితే తాళాలు అల్లుడికి ఇచ్చెయ్యాలని కూతురు ఫోనులో తేల్చి చెప్పింది. అల్లుడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తోడు కోసం వచ్చానన్నాడు. పెద్దాయన నమ్మలేదు.

వీధిలో ఆయన్ని ముందడుగు తాత అంటారు. ఆయన బండిని వెనక్కి నడపడు. ముందు చూసుకోనివాడికే వెనక్కి పోయే పని పడుతుందని ఆయన సిద్ధాంతం. దుకాణం దాటిపోతే పేటంతా చుట్టి మళ్ళీ వస్తాడు గానీ నాలుగడుగులు వెనక్కి వెయ్యడు.

పోయిన వారం బురదలో జీపు కూరుకుపోయింది. గేరు పక్కనున్న పొట్టి రాడ్డు లాగితే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందడంతో బండి బయటపడింది. లాగిన రాడ్డును ఆయన మళ్ళీ తొయ్యలేదు.

"నాలుగింటికీ గాలి కొట్టిస్తున్నాను. రెండు పనిచేస్తుంటే రెండు ఊరికే దొర్లుతాయా? మన ఇంట్లో ఆ పద్ధతి లేదు" అన్నాడు.

భార్య వెనక సీట్లో, అల్లుడు పక్కన కూర్చున్నారు. మొదటి మలుపులోనే జీపు గుర్రుమంది, కటకటలాడింది, మేకపిల్లలా గెంతింది.

"బేరింగు పోయింది మామయ్యా" అన్నాడు అల్లుడు. అతను ఫ్యాన్లు బాగుచేస్తాడు.

"నీకు దోమ కుట్టినా బేరింగే పోతుంది."

"నేనింకా మీ మోకాళ్ళ చప్పుడనుకున్నాను" అంది భార్య.

"నువ్వు కుడిపక్క కూర్చుంటే బరువంతా అటు పడుతోంది. ఎడమకి జరుగు."

ఆమె జరిగింది. రెండో మలుపులో జీపు ఇంకా గట్టిగా అరిచింది.

"ఇప్పుడేమంటారు? నేను మధ్యలో నిలబడనా?"

పెద్దాయన గాలి కొట్టే దుకాణం ముందు ఆపాడు. ముందు టైర్లు మెత్తబడ్డాయని, వాటికి మాత్రం రాళ్ళలా బిగిసేదాకా కొట్టించాడు. దాంతో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎత్తయ్యాయి. అప్పటిదాకా మలుపుల్లోనే అరిచిన జీపు తిన్నని దారిలో కూడా మూలగసాగింది.

"మామయ్యా, కాస్త ఆపి చూద్దాం."

"నడిచే బండిని ఆపితే జబ్బు ముదురుతుంది!"

ఆ పట్టుదలలో జీపు మైదానం గేటు దాటిపోయింది. గేటు పదిబారల వెనకే కనిపిస్తూ ఉంది. పెద్దాయన దానివైపు తిరిగి కూడా చూడలేదు. మళ్ళీ పేటంతా చుట్టాడు. చుట్టంటే అన్నీ మలుపులే. ప్రతి మలుపుకీ జీపు బిగుసుకుపోయింది. స్టీరింగు తిప్పడానికి అల్లుడు కూడా ఒక చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. చప్పుడు విని జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు. పెద్దాయన తల ఇంకా పైకెత్తాడు.

మైదానంలో ఎనిమిది అంకె సగం తిరిగేసరికి జీపు ఒక్క గెంతు గెంతింది, ఇంజను ఆగిపోయింది. వెనక వరస కట్టిన బళ్ళు హారన్లు మోగించాయి. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరమ్మ నడిచి వచ్చి లోపలికి తొంగి చూసింది.

"పెద్దాయనా, నాలుగు చక్రాల మీద పెట్టి గట్టి నేల మీద తిప్పుతున్నారా?"

"నాలుగున్నాయి కనక నాలుగింటి మీదా పెట్టాను."

"మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి, వెనకవి చిన్న చుట్టు. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. ఇక్కడ ఎక్కడికి జారతాయి? మీరేమో రెంటినీ కలిపి కట్టేశారు. అరవక ఏం చేస్తాయి?"

"అరిచినా నడిచాయిగా!"

"ఆ రాడ్డు తోసెయ్యండి."

తోశాడు. కదల్లేదు. అల్లుడు తోశాడు. కదల్లేదు.

"మెలిపడి బిగుసుకుంది. రెండడుగులు వెనక్కి నడపండి, అదే వదుల్తుంది" అందామె.

"నడపను."

"అయితే లైసెన్సు లేదు."

"లేకపోతే పోనీండి. వెనక్కి మాత్రం నడపను."

హారన్లు ఎక్కువయ్యాయి. అల్లుడి చెయ్యి నెమ్మదిగా తాళాల వైపు పాకింది. అది చూసి భార్య వెనక నుంచి దిగి వచ్చి ఆయన పక్క తలుపు తెరిచింది.

"ఏమండీ, దిగండి."

"నీకేం తెలుసే?"

"మా నాన్న లారీ నడిపినప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రోజూ మీరు అవతల దారి లేని మన సందులోకి ముక్కు దూర్చి జీపు ఆపుతారు. పొద్దున్నకల్లా అది బయటికి తిరిగి సందు మొదట్లో ఎలా ఉంటోందనుకున్నారు?"

పెద్దాయన నెమ్మదిగా కిందికి దిగాడు.

"మన బండి తెలివైందనుకున్నాను" అన్నాడు.

ఆమె సీటెక్కి, ఇంజను స్టార్టు చేసి, రెండడుగులు వెనక్కి తీసింది. కింద ఠక్కుమంది. రాడ్డును ఒక్క వేలితో తోసింది. అది లోపలికి పోయింది. ఆమె దిగింది.

"ఇప్పుడెక్కండి. తిప్పండి."

తిప్పాడు. జీపు నీళ్ళలో చేపలా ఎనిమిది అంకె చుట్టి వచ్చింది. ఒక్క చప్పుడు లేదు. అల్లుడి మొహం వాడిపోయింది.

"చాలా బాగా నడిపారు. ఇక ఆ రెండు రాళ్ళ మధ్యకి వెనక్కి నడిపి ఆపండి. అది కూడా పరీక్షలో ఉంది" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

పెద్దాయన ఇంజను ఆపాడు. తాళాలు తీశాడు. అల్లుడు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దాటించి తాళాలు భార్య చేతిలో పెట్టాడు.

"అల్లుడికిచ్చేది లేదు, వెనక్కి నడిపేది లేదు. అమ్మా, ఈవిడకి పరీక్ష ఎప్పుడు పెడతారు?"

లైసెన్సు ఆవిడకి వచ్చింది. పెద్దాయన ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతాడు. బండి వెనక్కి పోతున్నప్పుడు మాత్రం తాను అందులో లేనట్టు బయటికి చూస్తాడు.