గవ్వలపేట సముద్రపు రోడ్డు

మంగళవారం తెల్లారేసరికి గవ్వలపేట ముందున్న సముద్రం తారురోడ్డయిపోయింది. ఇందులో వింతేమీ లేదు. ఓడల నుంచి కారిన తారు ఉండలు కట్టి ఏళ్ల తరబడి కొట్టుకొస్తూనే ఉంది. సంచులు, సీసాలు, తెగిన వలలు దానికి తోడయ్యాయి. ప్లాస్టిక్ కలిపితే తారు గట్టిపడుతుందని రోడ్ల శాఖ ఎప్పట్నుంచో చెబుతున్నదే కదా! కాంట్రాక్టరు లేకుండా పనైపోయిందే అని మాత్రం శాఖవారు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

గరికిన పోలమ్మ బాధ వేరు. ఆవిడ భర్త దానయ్య సోమవారం సాయంత్రం ఒక్కడే చేపల వేటకెళ్లాడు. పడవ నడిసముద్రంలో తారులో బిగుసుకుపోయింది. "కదల్డం నేదే పోలీ! నడిసొద్దారంటే కాలు కాలిపోతంది. మంచినీలూ అయిపోనాయి" అని ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత ఫోను పలకలేదు.

పోలమ్మ పరుగున వెళ్లింది. ఒడ్డున రోడ్ల శాఖ ఇంజినీరు విశ్వేశ్వరం టేపు పట్టుకుని సముద్రం వెడల్పు కొలిపిస్తున్నాడు.

"బాబూ, మా ఇంటాయన అక్కడ ఉండిపోనాడు. గునపాలెట్టి తవ్వించండి బాబూ. నీలు తగిల్తే సాలు, పడవ ఆయనే తోలుకొచ్చీగల్డు."

"తవ్విద్దాం అమ్మా. ప్రారంభోత్సవం కాని రోడ్డుకి అభ్యంతరం ఉండదు. రేపు పొద్దున్నే మనుషుల్ని తీసుకొస్తాను" అన్నాడాయన. నిజంగానే మంచివాడు.

వేటకెళ్లినవాడు వేళకు తిరిగి రాకపోతే సముద్రపు తల్లి గంగమ్మకు పసుపునీళ్లు పొయ్యడం గవ్వలపేట ఆడవాళ్ల ఆనవాయితీ. ఎంత ఇంజినీరు మాటిస్తే మాత్రం, గంగమ్మను కాదని ఊరుకోవడమా? మర్నాడు తెల్లారగానే పోలమ్మ పేటలోని ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, తారు మీద పసుపునీళ్లు పోసి, కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టింది. సరిగ్గా అప్పుడే గునపాలతో మనుషులను వెంటేసుకుని విశ్వేశ్వరం దిగాడు. కుంకుమ చూశాడు, కొబ్బరిచెక్కలు చూశాడు, ముఖం వికసించింది.

"ప్రారంభోత్సవం కానిచ్చేశారన్నమాట!" అని చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని, ఫొటో తీసి పైవాళ్లకు పంపేశాడు. పనివాళ్లు గునపాలు కింద పెట్టేశారు. ప్రారంభమైన రోడ్డును తవ్వడం నేరమట.

"ఓలమ్మో! అది రోడ్డుకి కాదు బాబూ, గంగమ్మకి!"

"గంగమ్మ ఎక్కడుందమ్మా?"

పోలమ్మ అటు చూసింది, ఇటు చూసింది. చూపించడానికి ఏమీ కనబడలేదు. అక్కడే కూలబడి బావురుమంది.

అయితే ప్రారంభమైన రోడ్డు మీద బస్సు తిరగాలి కదా. మధ్యాహ్నానికి ఒకటి బయల్దేరింది. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి ఊరికి కాస్త అవతలే ఆగింది. అందులోంచి వల భుజాన వేసుకుని దానయ్య దిగాడు. పేట చివర, ఒడ్డు దగ్గర ఇంకా తారు కమ్మని నీటి మడుగు ఒకటుంది. అందులో కాలు జారి పడబోయి, ఎలాగో ఇవతలికొచ్చాడు. పోలమ్మ వెళ్లి అతణ్ని పట్టుకుని ఏడ్చింది, వీపు మీద నాలుగు చరిచింది, మళ్లీ ఏడ్చింది.

"పడవేది మావా?"

"రోడ్డుకి అడ్డంగా ఉందని, పైన తారు పోసి స్పీడు బ్రేకరు సేసీసినారే" అన్నాడు దానయ్య. "సెవి ఆనిస్తే కింద నీలు కొట్టుకోడం ఇనబడతంది" అన్నాడు.

"పోన్లే మావా, నువ్వొచ్చినావు. అదే పదివేలు."

విశ్వేశ్వరం కూడా సంతోషించాడు. ఆ మడుగు కూడా పూడిపోతే బస్సు వాళ్ల గుమ్మం ముందే ఆగుతుందని చెప్పాడు.

దానయ్య కండక్టరు ఇచ్చిన నీళ్ల ప్యాకెట్టు గటగటా తాగేసి, ఖాళీ ప్యాకెట్టు ఇసకలోకి విసరబోయాడు. పోలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుని మడుగు వైపు తిప్పింది.

"అక్కడ కాదు మావా, ఇటెయ్యి. ఇక్కడింకా నీలు అవుపడతన్నాయి."