కోడెక్ మొక్కు

కోరుట్లలో మా కంప్యూటర్ కరుణాకర్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన అసలు పని రైసుమిల్లులో లెక్కలు చూడటం. కానీ వీధిలో ఎవరి ప్రింటరు కాగితం మింగినా, ఎవరి ఫోను మొరాయించినా కబురు ఆయనకే వస్తుంది. వెళ్తాడు, అటూ ఇటూ తిప్పి చూస్తాడు, "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఇంతవరకు ఎవరికీ లేదు, ఇంట్లో భార్య సృజనకు తప్ప.

వాళ్ళిద్దరికీ పెళ్ళైన నాటినుంచి ఒకటే పంచాయితీ. ఆదివారం వంట ఎవరిది?

"పెండ్లిల నువ్వే అన్నవ్. ఆదివారం నాడు మా సృజనను పొయ్యి కాడికి రానియ్య, నేనే వండిపెడత అని మైకుల జెప్పినవ్."

"ఎవరన్నరు? నేనా? నాకు వండుడే రాదు. నేనెందుకంట?"

"రాదు గనుకనే అన్నవ్. వచ్చినోడెవడన్న గట్లంటడా?"

నిజం చెప్పాలంటే, అన్నాడు. వీడియో తీసేవాడు మైకు మూతి దగ్గర పెట్టి, "అన్నా, వదిన గురించి రెండు ముచ్చట్లు జెప్పు" అనగానే, పట్టుపంచె, నుదుటి మీద బాసింగం కలిసి ఇచ్చిన ఊపులో అనేశాడు. ఆ సమయానికి అత్త కొమురవ్వ కూతురు వెళ్ళిపోతోందని ఏడుస్తోంది. మామ హన్మండ్లు భోజనాల దగ్గర వంటవాళ్ళతో తగువులో ఉన్నాడు. ఇంటివాళ్ళలో విన్నది సృజన ఒక్కతే. ఇక సాక్ష్యం అంటూ ఉంటే అది పెళ్ళి వీడియోనే. ఆ డిస్కు సిరిసిల్లలో అత్తగారింట్లో కనిపించకుండా పోయిందని తెలిసిన రోజున కరుణాకర్ ఎవరికీ చెప్పకుండా కొండగట్టుకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

అలాంటిది, మొన్న ఒక శుక్రవారం సాయంత్రం పుట్టింటినుంచి వచ్చిన సృజన, సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఏందది?"

"మన పెండ్లి. అమ్మ బీరువల పట్టుచీరెల కింద డిస్కు దొరికింది. స్టూడియోల ఇచ్చి దీంట్లకు ఎక్కిచ్చిన. రేపు మన పెండ్లిరోజు గద? అమ్మ, బాపు, తమ్ముడు అస్తున్నరు. అందరం కూసొని చూద్దాం. నువ్వన్నవో లేదో రేపే తేలుతది."

కరుణాకర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అందులో ఆదివారాలన్నీ ఎర్రగా ఆయన్నే చూస్తున్నాయి.

అప్పుడు పుట్టింది ఆయనకు ఆ ఉపాయం.

కరుణాకర్ దగ్గర ఒక పాత లాప్‌టాప్ ఉంది. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుందని దాంట్లో పెంగ్విన్ బొమ్మ గుర్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ తనే ఎక్కించుకున్నాడు. అది అన్ని పనులూ చేస్తుంది. వీడియో పెడితే మాత్రం బొమ్మ చూపించి మౌనవ్రతం పడుతుంది. దాని నోరు తెరిపించడానికి ఆయన మార్చిన ప్లేయర్లకు లెక్కలేదు. ఒకటి తెరుచుకోగానే మూసుకునేది. ఒకటి పాటను సగం నుంచి మొదలుపెట్టేది. ఏది పెట్టినా చివరికి "కోడెక్ లేదు" అని ఇంగ్లీషులో తేల్చి చెప్పేది. కోడెక్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు, వీడియోలో మూటగట్టిన బొమ్మనూ మాటనూ విప్పి బయటపెట్టే చిన్న సామాను. ఆ సామాను లేక ఆయన ఆ డబ్బాను తిట్టని తిట్టు లేదు.

ఇవాళ మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని తుడిచాడు. బొమ్మ వస్తుంది, మాట రాదు. పెదవులు కదులుతాయి. కదిలితే ఏం? "అందరు కడుపునిండ తినిపోండ్రి" అన్నానని చెప్పుకోవచ్చు. ముందుజాగ్రత్తగా ఇంటర్నెట్ డబ్బా ప్లగ్గు కూడా పీకి కర్టెన్ వెనక దాచాడు.

శనివారం సాయంత్రానికి సిరిసిల్లనుంచి మామా అత్తా దిగారు. మామ హన్మండ్లు సాంచాలు నడిపిన మనిషి. ఆ మగ్గాల మోతలో బతికి బతికి గుసగుస చెప్పినా నాలుగిళ్ళకు వినిపిస్తుంది. వెంట బావమరిది నరేశ్, హైదరాబాదులో ఉద్యోగం. వాడి చంకలో కొరికిన పండు గుర్తు లాప్‌టాప్. కొమురవ్వ సర్వపిండి డబ్బా తెరిచి అందరికీ పెట్టింది. కరుణాకర్ పెన్‌డ్రైవ్ తీసుకుని వినయంగా తన పెంగ్విన్‌కు గుచ్చాడు.

బొమ్మ వచ్చింది. బ్యాండువాళ్ళు బుగ్గలు ఉబ్బించారు. పంతులు నోరు తెరిచాడు. చప్పుడు లేదు.

"గీళ్ళేంది, అందరు మూగనోము పట్టినట్టున్నరు?" అంది కొమురవ్వ.

కరుణాకర్ పొద్దున అద్దం ముందు నేర్చుకున్న దిగులు ముఖం పెట్టాడు. "ఏం జేద్దామత్తా. కోడెక్ లేదు."

కొమురవ్వ చేతిలో సర్వపిండి ముక్క ఆగిపోయింది. "కోడెకు లేదా? ఏం లేదు కోడెకు?"

"కోడెకే లేదత్తా. గందుకే దీనికి మాట పెగుల్తలేదు."

కొమురవ్వ రెండు చేతులూ ఎత్తి నెత్తికి ఆనించింది. "ఓ రాజన్నా! నా తండ్రీ! గీ డబ్బకెట్ల తెలిసింది?"

సంగతేమిటంటే, కూతురి పెళ్ళి కుదిరితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని కొమురవ్వ అప్పట్లో మొక్కుకుంది. గుడివాళ్ళిచ్చే కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిప్పి తెచ్చి కట్టేస్తే మొక్కు తీరినట్టు. సిరిసిల్లనుంచి వేములవాడ ఎంత దూరం గనుక? ఆ దగ్గరతనమే కొంప ముంచింది. రేపు పోదాం, వచ్చే సోమవారం పోదాం అంటూ ఇన్నేళ్ళూ వెళ్ళనేలేదు. మొక్కుకున్న సంగతి కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

"ఎవ్వలికి జెప్పకుంట కడుపుల దాసుకున్న. అల్లుని డబ్బ ఎట్ల వట్టిందో సూడుండ్రి!" అని కళ్ళొత్తుకుంది.

నరేశ్ పకపకా నవ్వాడు. "అమ్మా, గా కోడె గాదే. కోడెక్ అంటే..."

కరుణాకర్ బల్ల కింద వాడి కాలు తొక్కాడు. "నువ్వాగు నరేశ్. పెద్దోళ్ళకు తెల్వదా? అత్తమ్మ చెప్పింది కరెక్టే. మిషన్లకు గూడ కొన్ని తెలుస్తయి."

సృజన మొగుణ్ణి ఎగాదిగా చూసింది. రైసుమిల్లులో కొత్త మిషనుకు కొబ్బరికాయ కొడుతుంటేనే నవ్వే మనిషి ఇతను.

"సరే, మొక్కు మొక్కే. అందాక నా లాప్‌టాప్‌ల పెడదాం," అని తన కిటికీల డబ్బా తెచ్చింది.

అది ముందు అప్‌డేట్ కావాలంది. చుట్టం వచ్చీ రాగానే స్నానానికి నీళ్ళు పెట్టమన్నట్టు. ఆ మర్యాదలన్నీ అయ్యాక ప్లేయరు తెరుచుకుంది. ఈసారి మాట వచ్చింది, బొమ్మ లేదు. నల్లటి తెరలోంచి బ్యాండు, మంత్రాలు, కొమురవ్వ ఏడుపు.

"కరెంటు పోయినప్పుడు జేసినమా గీ పెండ్లి?" అన్నాడు హన్మండ్లు, ఎదురింటికి కూడా వినిపించేలా.

మాట వచ్చేసరికి కరుణాకర్, "వైరస్! బొమ్మ లేకుంట మాటొస్తే వైరసే!" అని టక్కున మూత మూశాడు.

నరేశ్ తన పండు తీశాడు. అది గొప్పింటి మనిషిలా ఫైలును ముట్టుకోనైనా ముట్టుకోకుండా, తెరవలేకపోతున్నందుకు విచారిస్తున్నానని రాసి చూపించింది.

"బావా, వేరే ప్లేయర్ దించుకుంటే అయిపాయె. నెట్ పాస్‌వర్డ్ జెప్పు."

"నెట్ పొద్దటి సంది లేదురా."

"నా ఫోన్ది వాడుదాం."

"మా సందుల సిగ్నలే రాదు."

"మరి బాపు గింతసేపు ఫోన్ల ఎవరితోటి మాట్లాడిండు?"

"మామకు ఫోనెందుకురా? ఆయన మాట్లాడితే సిరిసిల్ల దాక వట్టిగనే వినవడ్తది."

మామ ఇది పొగడ్త అనుకుని మీసం దువ్వుకున్నాడు. సృజన మాత్రం లేచింది. "గిన్ని తిప్పలెందుకు? నీ దాంట్ల బొమ్మ ఉన్నది, నా దాంట్ల మాట ఉన్నది. రెండు పక్కపక్కన పెట్టి ఒక్కసారే చాలు చేస్తే?"

పెట్టారు. మొదలుపెట్టారు. కానీ పెంగ్విన్ ఒక నడక, కిటికీ ఒక నడక. పంతులు నోరు తెరిస్తే బ్యాండు మోగింది. బ్యాండువాడు ఊదితే "అమ్మా, అక్షింతలు పట్టుకోండి" అని వినిపించింది. కొమురవ్వ ఏడుపంతా వచ్చి పెళ్ళికొడుకు ముఖం మీద పడింది.

"అల్లుడు అప్పుడే ఏడ్సిండు. తెలివిగల్లోడు," అన్నాడు హన్మండ్లు.

ఎంత తప్పులతడకగా నడిచినా పెళ్ళి ముందుకే పోతోంది. తాళి అయింది, తలంబ్రాలు అయ్యాయి. ఇక మైకువాడు రావడమే తరువాయి. కరుణాకర్ "నీళ్ళు తెస్త" అని లేచి, తిన్నగా వెళ్ళే దారి ఉండగా వైరు ఉన్న దారిన వెళ్ళి, చార్జరును తన్నాడు. సృజన లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కిటికీ టప్పున ఆరిపోయింది.

"కావాలని తన్నినవ్!"

"నా పెండ్లిని నేనెందుకు తంతనే?"

"చాలుండ్రి!" అని లేచింది కొమురవ్వ. "ఒకదాంట్ల మాట వోయింది. ఒకదాంట్ల బొమ్మ వోయింది. ఇంకోటి మొకమే సూపియ్యలేదు. గిప్పుడు దీని పానమే వోయింది. రాజన్న ఇంకెట్ల జెప్పాలె మనకు? రేపు పొద్దుగాల్నే వేములవాడ!"

"అవునత్తా!" అన్నాడు కరుణాకర్ ప్రాణం లేచివచ్చి. "అంతకు మించిన మందు లేదు. పగ్గం నేనే పట్టుకుంట."

సృజన అతని వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వును విప్పే సామాను మాత్రం కరుణాకర్ దగ్గర ఇన్నేళ్ళనుంచీ లేదు.

తెల్లవారి వేములవాడలో టికెట్ తీసుకుని, కోడె పగ్గం కరుణాకర్ చేతికిచ్చారు. కరుణాకర్ కోడెను నడిపించాడనడం కన్నా కోడే కరుణాకర్‌ను నడిపించింది అనడం న్యాయం. ముందు నరేశ్ వెనక్కి నడుస్తూ ఫోనుతో తీస్తున్నాడు. పక్కన సృజన. వెనక అత్తా మామా.

"అల్లుడా, కోడె పగ్గం చేతుల ఉండంగ అబద్ధమాడొద్దు. కండ్లు వోతయి," అంది కొమురవ్వ. ఇది గుడివాళ్ళు పెట్టిన నియమం కాదు, కొమురవ్వ నడుస్తూ నడుస్తూ పెట్టింది.

"గట్లనా అమ్మా?" అంది సృజన. మొగుడి వైపు తిరిగింది. "అయితే ఒక్క మాట అడుగుత. మన పెండ్లిల మైకు పట్టుకొని ఆదివారం వంట నాదే అన్నవా, అనలేదా?"

కరుణాకర్ ఆగిపోయాడు. కోడె కూడా ఆగింది. "గుడి కాడ గివేం ముచ్చట్లే?"

"గుడి కాడనే నిజం జెప్పాలె."

కరుణాకర్ పగ్గం గుంజాడు. కోడె కదల్లేదు. మెడ తిప్పి ఆ పెద్ద పెద్ద కళ్ళతో ఆయన్నే చూస్తోంది. వెనక కోడెల వరస అంతా నిలబడిపోయింది. ఎవరో ముసలాయన కేకేశాడు. "ఓ పటేలా! అన్నవో అనలేదో జెప్పరాదు! ఎనుక మా కోడె తొక్కుతున్నది!"

కరుణాకర్‌కు నిజంగానే భయమేసింది. ఉన్నవి రెండే కళ్ళు.

"అన్న! అన్ననే! ఆదివారం నాడు నేనే వండిపెడత అన్న. ఇన్నేండ్లు అబద్ధమాడిన. తప్పయింది రాజన్నా!"

కోడె కదిలింది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. సిగ్గేసినా, గుండెమీది బండ దిగినట్టు హాయిగా అనిపించింది కరుణాకర్‌కు. పోనీలే, ఎప్పటికైనా ఆ వీడియో మాట్లాడితే బయటపడేదే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

అక్కడినుంచి అందరూ సిరిసిల్ల ఇంటికి చేరారు. సృజన సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి టీవీ వెనక గుచ్చింది. టీవీ అప్‌డేటు అడగలేదు, విచారం చెప్పలేదు. బొమ్మా వచ్చింది, మాటా వచ్చింది, రెండూ కలిసే నడిచాయి.

"సూసిండ్రా! మొక్కు తీరంగనే!" అంది కొమురవ్వ.

తాళి అయింది. తలంబ్రాలు అయ్యాయి. మైకువాడు వచ్చాడు. తెర మీద బాసింగం కట్టుకున్న కరుణాకర్ మైకు పట్టుకుని, చెయ్యి ఊపుతూ, పెదవులు కదుపుతూ ఏదో చెప్పాడు.

సన్నాయి మోగింది. మొదటినుంచి చివరిదాకా సన్నాయే. ఆయన మాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

కరుణాకర్ లేచి నిలబడ్డాడు. "మాటేది?"

"లేదు," అంది సృజన. "గీ ముక్కకు వీడియోవాళ్ళు అప్పుడే మాట తీసేసి సన్నాయి పెట్టిండ్రు. పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చేటప్పుడే చూసిన."

"నీకు ముందుగాల్నే తెలుసా?"

"తెలుసు. నువ్వు గా పెంగ్విన్‌ను తుడుసుకుంట ముద్దు జేస్తుంటే, పాపం, ఎందుకు చెడగొట్టాలె అని ఊకున్న."

కరుణాకర్ ముఖం మెల్లగా వెలిగింది. "అంటే సాక్ష్యం లేదు. అట్లయితే నేను అనలే! కోడె గుంజితే భయానికి ఏదో వాగిన. గది లెక్కల రాదు!"

అప్పుడే హన్మండ్లు జేబులో ఫోను మోగింది. కొమురవ్వ కొంగులో మోగింది. చివరికి కరుణాకర్ జేబులోనూ మోగింది. నరేశ్ ఇంటివాళ్ళ గ్రూపులో ఏదో వేశాడు. సృజన నొక్కింది. పగ్గం పట్టుకున్న కరుణాకర్, పక్కన కోడె, ఎంత స్పష్టమైన బొమ్మ! అంతకన్నా స్పష్టమైన మాట: "అన్న! అన్ననే!"

నరేశ్ తన పండు లాప్‌టాప్‌లోనూ పెట్టి చూశాడు. ఏ విచారమూ లేకుండా తెరుచుకుంది.

"గిది ఏ డబ్బల పెట్టినా ఆడుతది," అంది సృజన, సోఫాలో కాళ్ళు చాపుకుంటూ. "ఇయ్యాల ఆదివారం. పొద్దెక్కుతున్నది. ఏం వండుతున్నవ్?"

హన్మండ్లు ఇల్లదిరేలా నవ్వాడు. కొమురవ్వ మొగుడి వైపు తిరిగింది. "నువ్వెందుకు నవ్వుతున్నవ్? అల్లుడొక్కడే జేస్తడా? పోయి ఉల్లిగడ్డలు కొయ్యి."

వంటింట్లో మామా అల్లుడూ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు.

"నువ్వు నోరు మూసుకొని ఉంటే అయిపోతుండె గద అల్లుడా," అన్నాడు హన్మండ్లు, ఈసారి నిజంగానే మెల్లగా.

కరుణాకర్ జవాబు చెప్పబోయాడు. ఇంతలో హాల్లోంచి ఆయన గొంతే మళ్ళీ గట్టిగా వినిపించింది. కొమురవ్వ ఆ వీడియోను పక్కింటి దేవవ్వకు చూపిస్తోంది. ఆయన ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు.